గన్నవరం ఎయిర్‌పోర్టు: రన్‌వే పెరిగింది, విమానం ఇంకా పెరగాలి

గన్నవరం నుంచి ఫలానా ఊరికి కొత్త సర్వీసు అని వార్త వస్తే ఊరి పేరు చివర్లో చూడండి. ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి: ఏ రకం విమానం వేస్తున్నారు, వారానికి ఎన్ని రోజులు తిప్పుతారు, గన్నవరంలో దాని టైమెంత. ఈ మూడూ తెలిస్తే ఆ సర్వీసు నిలుస్తుందా, మనకు పనికొస్తుందా అన్నది చాలావరకు తేలిపోతుంది. బెజవాడ, గుంటూరు వాళ్ళకి ఈ ఎయిర్‌పోర్టు ఎంత పనికొస్తుందో, ఎక్కడ చెయ్యిస్తుందో ఆ లెక్కతోనే చూద్దాం.

ఇక్కణ్ణుంచి దగ్గరి ఊళ్ళకు తిరిగేవాటిలో చాలా ఏళ్ళుగా ఏటీఆర్ విమానాలదే ఎక్కువ వాటా. రెండు పక్కలా ఫ్యాన్లు తిరిగే చిన్న విమానం అది. ఇండిగో ఏటీఆర్‌లో 78 సీట్లు, ఎయిర్‌బస్ 320లో 180కి అటూఇటూ. పండగ ముందు టికెట్ రేటు ఒక్కసారిగా ఎగబాకడానికి ఇదే మొదటి కారణం. 78 సీట్లలో చవక రేటువి ఎన్ని ఉంటాయి? అవి అయిపోగానే రేటు మెట్లెక్కుతుంది. సంక్రాంతికి హైదరాబాద్, బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళు నెల ముందే కొనుక్కోవడం మేలు.

ఏటీఆర్ ఎక్కడం కూడా వేరేగా ఉంటుంది. టెర్మినల్ నుంచి నేరుగా విమానంలోకి నడిపించే ఏరోబ్రిడ్జి ఉండదు. ఏప్రన్ మీద, అంటే విమానాలు నిలిచే చోట, నడిచో, బస్సులో వెళ్ళో తోక వైపు తలుపు దగ్గర నాలుగైదు మెట్లెక్కాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళుంటే టికెట్ కొన్నప్పుడే వీల్‌చైర్ అడగండి. కౌంటర్ దగ్గర అప్పటికప్పుడు అడిగితే ఆలస్యమవుతుంది. లోపల తల మీది అర చిన్నది. పెద్ద విమానంలో పట్టే చక్రాల పెట్టె ఇక్కడ పట్టకపోవచ్చు. అలాంటప్పుడు మెట్ల దగ్గరే ట్యాగ్ కట్టి సామాన్ల గదిలో వేస్తారు. అందుకే మందులు, నగలు, ల్యాప్‌టాప్, పవర్ బ్యాంక్ విడిగా చిన్న సంచిలో పెట్టుకోండి. పవర్ బ్యాంక్ సామాన్ల గదిలోకి వెళ్ళకూడదు, ఆ ఒక్కదాని కోసం పెట్టె మళ్ళీ విప్పాల్సి వస్తుంది.

ఇక రన్‌వే. ఒకప్పుడు ఇక్కడి పట్టీ 2,286 మీటర్లు. ఎయిర్‌బస్ 320కి అది చాలు గానీ, నిండా ఇంధనంతో దూరదేశం పోయే పెద్ద విమానానికి చాలదు. కేసరపల్లి, బుద్ధవరం, అజ్జంపూడి, దావాజీగూడెం రైతులు భూములిచ్చారు. ఏలూరు కాలువను దారి మళ్ళించాల్సి వచ్చింది. అలా పట్టీ 3,360 మీటర్లకు పెరిగి, 2021లో వాడుకలోకి వచ్చింది. బోయింగ్ 777 లాంటివి దిగడానికి ఆ పొడవు సరిపోతుంది. కానీ పొడవు ఉన్నంత మాత్రాన పెద్ద విమానాలు వచ్చేయవు. వాటికి నిలిచే చోటు కావాలి, ఒకేసారి దిగే 300 మందికి ఇమిగ్రేషన్, కస్టమ్స్ కౌంటర్లు కావాలి, అన్నిటికన్నా ముందు రోజూ సీట్లు నిండాలి. పందిరి వేశాం, పెళ్ళివారు రావాలి.

అంతర్జాతీయ హోదా 2017లోనే వచ్చింది. మొదటి విదేశీ సర్వీసు ఇండిగో సింగపూర్ విమానం, 2018 డిసెంబరు 4న. సీట్లు నిండకపోతే ఆ లోటును రాష్ట్ర ప్రభుత్వం భరించే ఒప్పందం మీద అది నడిచింది. 2019 మధ్యలో ప్రభుత్వం మారాక ఆగిపోయింది. 2022 అక్టోబరు 31 నుంచి ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ షార్జా మొదలుపెట్టింది. గల్ఫ్‌లో పనిచేసే గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్ళకు అదే దిక్కు. సింగపూర్ మళ్ళీ 2025 నవంబరు 15న వచ్చింది, వారానికి మూడు రోజులు. మూడు రోజుల సర్వీసులో చిక్కేమిటంటే, ఒకరోజు విమానం రద్దయితే మర్నాడు ఇంకొకటి ఉండదు. సింగపూర్ నుంచి ఆస్ట్రేలియాకో ఇంకెక్కడికో పోవాలనుకుంటే ఈ సంగతి గుర్తుంచుకుని, మధ్యలో ఒక రాత్రి ఖాళీ ఉంచుకోండి.

అమెరికా, యూరప్ పోయేవాళ్ళకు అసలు ప్రశ్న గన్నవరమా, శంషాబాదా అన్నది. నా సలహా: గన్నవరం నుంచి ఢిల్లీ మీదుగా చివరి ఊరి వరకు ఒకే పీఎన్‌ఆర్ మీద టికెట్ దొరికితే గన్నవరం, లేకపోతే శంషాబాద్‌కి బస్సు. ఒకే పీఎన్‌ఆర్ అయితే విదేశీ ప్రయాణానికిచ్చే సామాను పరిమితే గన్నవరం నుంచి వర్తిస్తుంది, పెట్టెలకు చివరి ఊరి ట్యాగ్ ఇక్కడే పడుతుంది, మొదటి విమానం ఆలస్యమైతే తర్వాతి విమానం ఎక్కించే బాధ్యత సంస్థది. విడివిడిగా కొంటే దేశీయ టికెట్ మీద మామూలుగా 15 కిలోలే. 23 కిలోల పెట్టెలు రెండు మోసుకొచ్చిన అమ్మాయి మిగతా 31 కిలోలకు కౌంటర్ దగ్గర డబ్బు కట్టాలి. టికెట్‌లో మిగిలిందనుకున్నది అక్కడే పోతుంది. పైగా ఢిల్లీలో మీరు దిగే టెర్మినల్, విదేశీ విమానం ఎక్కే టెర్మినల్ వేరైతే బస్సులో మారాలి. కనీసం నాలుగైదు గంటలు చేతిలో ఉంచుకోండి.

తిరుగు ప్రయాణంలో చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. చివరి ఊరు విజయవాడ అని ట్యాగ్ ఉన్నా సరే, దేశంలో మొదట దిగిన చోట పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్ళీ బెల్టు మీద వేయాల్సి రావచ్చు. అక్కడి సిబ్బందిని అడగకుండా నేరుగా దేశీయ గేటుకి నడిస్తే మనిషి గన్నవరంలో, సామాను ఢిల్లీలో తేలతారు.

మన సామాను గురించి ఒక మాట. ఆవకాయ జాడీ, గుంటూరు కారప్పొడి చేతి సంచిలో పెట్టకండి, సెక్యూరిటీ దగ్గర తీసి పక్కన పెడతారు. రెండూ చెక్-ఇన్ పెట్టెలోనే వెళ్ళాలి. పచ్చడికి నూనె తేరిన సీసా కన్నా వేడితో సీలు వేసిన ప్యాకెట్ నయం, దాని మీద ఇంకో కవరు. ఎండుకొబ్బరి చిప్పలు మాత్రం చెక్-ఇన్‌లో వద్దంటారు. నూనె ఎక్కువ కాబట్టి మండే సరుకు కింద లెక్క.

గుంటూరు నుంచి గన్నవరం సుమారు 55 కిలోమీటర్లు. లెక్క ప్రకారం గంటన్నర లోపు. కానీ వారధి, బెంజిసర్కిల్, రామవరప్పాడు రింగ్ దాటేదాకా ఏదీ ఖాయం కాదు. సాయంత్రం విమానమైతే రెండున్నర గంటలు వేసుకోండి. రింగ్ దాటాక కూడా ప్రసాదంపాడు, ఎనికేపాడు, నిడమానూరు వరకు బండి నత్తనడకే. చెక్-ఇన్ కౌంటర్ సాధారణంగా 60 నిమిషాల ముందు, బోర్డింగ్ గేటు 25 నిమిషాల ముందు మూసేస్తారు. ట్రాఫిక్ అని చెబితే తెరవరు. పశ్చిమ బైపాస్ చినకాకాని నుంచి గొల్లపూడి మీదుగా చినఅవుటపల్లి దాకా, దాదాపు 48 కిలోమీటర్లు. అది గన్నవరం దాటాక తేలుతుంది కాబట్టి ఏలూరు వైపు నుంచి వెనక్కి రావాలి. ఊళ్ళోంచి వెళ్ళే దారి కన్నా 10 కిలోమీటర్ల పైన ఎక్కువే. అయినా మొత్తం రోడ్డు వాడుకలో ఉన్నప్పుడు గుంటూరు, నరసరావుపేట వాళ్ళకు అదే మంచి దారి. విమానం పట్టుకోవడానికి కావాల్సింది దగ్గరి దారి కాదు, ఎంతసేపు పడుతుందో తెలిసిన దారి.

బస్సులో రావాలంటే పండిట్ నెహ్రూ బస్టాండ్ నుంచి హనుమాన్ జంక్షన్, ఏలూరు వైపు బస్సులు హైవే మీదే వెళ్తాయి. చేతి సంచి ఒక్కటైతే అది చాలు. పెట్టెలుంటే ఆటోనో కారో తప్పదు. లోపల డిజియాత్ర ఉంది. దేశంలో అది మొదట పెట్టిన ఎయిర్‌పోర్టుల్లో మనదీ ఒకటి. ఇంట్లోనే ఆధార్‌తో నమోదు చేసుకుని, బోర్డింగ్ పాస్ యాప్‌లో ఎక్కించుకుని వస్తే గేటు దగ్గర ముఖం చూపిస్తే చాలు. లైన్‌లో నిలబడి నమోదు మొదలుపెడితే మాత్రం మామూలు గేటే త్వరగా తెములుతుంది.

డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున్నే దిగే విమానాన్ని నమ్ముకుని ముహూర్తం పెట్టకండి. చుట్టూ కాలువలు, తడి ఆరని వరిమళ్ళు. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి ఆగిన రాత్రి నేల చల్లబడి, తెల్లారేసరికి మంచు పట్టీ మీద కూర్చుంటుంది. దట్టమైన మంచులో దింపే కేటగిరీ-3 సదుపాయం ఢిల్లీలో ఉంది, ఇక్కడ లేదు. పైలట్ పైన చక్కర్లు కొడతాడు, ఇంధనం లెక్క చూసుకుంటాడు, మంచు విడవకపోతే హైదరాబాద్‌కో ఇంకెక్కడికో మళ్ళిస్తాడు. అదే విమానం ఇక్కణ్ణుంచి తిరిగి వెళ్ళాలి కాబట్టి, మీ టికెట్ పది గంటలదైనా దెబ్బ తగులుతుంది. వాతావరణం వల్ల రద్దయితే నష్టపరిహారం రాదు. డబ్బు వాపసో, వేరే విమానమో మాత్రం అడగొచ్చు.

ఇప్పుడు వాడుతున్న దేశీయ టెర్మినల్ 2017 జనవరిలో తెరిచారు, తాత్కాలికం అన్న మాట మీద. కొత్త సమీకృత టెర్మినల్‌కు 2019 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది. ఖర్చు 611 కోట్లు, వైశాల్యం 35,000 చదరపు మీటర్లు, రద్దీ గంటలో 1,200 మందికి సరిపోయేలా. గడువులు ఒకదాని వెనక ఒకటి జారి, 2025 చివరికి కూడా పనులు తేలలేదు. ఏరోబ్రిడ్జిలు వస్తే వానాకాలంలో గొడుగులు తప్పుతాయి, అదొక సుఖం. విమానాల సంఖ్యను మాత్రం భవనం పెంచదు.

దాన్ని పెంచేది రాత్రికి ఇక్కడే నిలిచే విమానాలు. రాత్రి ఇక్కడ పడుకున్న విమానమే పొద్దున్నే బయలుదేరి, పని చూసుకునేవాణ్ణి సాయంత్రానికి తిరిగి తెస్తుంది. విజయవాడ కేంద్రంగానే పుట్టిన ఎయిర్ కోస్టా 2013లో ఎంబ్రాయర్ జెట్లతో ఆ పని మొదలుపెట్టి 2017 ఫిబ్రవరిలో ఆగిపోయింది. విమానాలు అద్దెవి, సంఖ్య తక్కువ. ఒకటి మూలబడితే రోజంతా షెడ్యూలు కుప్పకూలేది. విమాన ఇంధనం మీద వ్యాట్‌ను రాష్ట్రం 16 నుంచి 1 శాతానికి దించినా ఆ లోటు పూడలేదు. అందుకే కొత్త సంస్థ వస్తోందంటే దాని చేతిలో విమానాలు ఎన్నున్నాయో ముందు అడగాలి.

విశాఖకు మాత్రం విమానం కన్నా వందేభారత్ మేలు. విజయవాడ స్టేషన్‌లో ఎక్కితే సుమారు నాలుగు గంటల్లో ఊరి మధ్యలో దింపుతుంది. అక్కడి ఎయిర్‌పోర్టు భోగాపురానికి మారితే విమానం దిగాక ఇంకో గంట పైన ప్రయాణం. హైదరాబాద్ ఊళ్ళో పనికి కూడా అంతే, బస్సు చాలు. శంషాబాద్‌లో ఇంకో విమానం ఎక్కాలంటేనే గన్నవరం టికెట్ కొనండి.

అమరావతికి వేరే ఎయిర్‌పోర్టు అన్న మాట ఇప్పుడు గట్టిగా నడుస్తోంది. ఉన్న ఎయిర్‌పోర్టుకు 150 కిలోమీటర్ల లోపు కొత్తది కట్టాలంటే, పాతదాని మీద పడే ప్రభావాన్ని కేంద్రం విడిగా పరిశీలిస్తుంది. గన్నవరం నుంచి అమరావతి అందులో మూడో వంతు దూరం కూడా ఉండదు. రెండు చోట్లా విమానాలు పంచితే ఒక్కచోటా పెద్దది నిండదు. గన్నవరం పట్టీ మీద రోజుకొక పెద్ద విమానమైనా దిగేదాకా ఆ చర్చకు తొందర లేదు.