ఎండిన చెట్లు కొట్టించే ఖర్చు ఇన్సూరెన్స్ ఇస్తుందని నమ్మకండి, నేను నమ్మి మునిగాను

ఇంకా చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే క్షమించండి. అట్లాంటా పైన కమ్మింగ్, ఆల్ఫరెటా వైపు ఇళ్ళు కొన్న మనవాళ్ళు ఇది తప్పకుండా చదవండి.

మా పెరట్లో మూడు పైన్ చెట్లు బీటిల్ పురుగు పట్టి చచ్చిపోయాయి. మొదట్లో బెరడు మీద పాప్‌కార్న్ లాంటి జిగురు ముద్దలు కనిపించాయి. తర్వాత ఆకులు ఎర్రబడ్డాయి. బెరడు ఊడదీసి చూస్తే లోపలంతా పాము మెలికల్లా పురుగు తిన్న దారులు. అప్పుడే ఫొటోలు తీసి మా ఏజెంటుకి పంపాను. మనవాడే. "అన్నా, టెన్షన్ పడకండి, మీది ఫుల్ కవరేజ్. చెట్ల సంగతి నేను చూసుకుంటా" అని ఫోన్లో చెప్పాడు. ఆ ముక్క ఈమెయిల్లో పెట్టమని నేను అడగలేదు. నా బుద్ధితక్కువ పని అదే.

పోయిన నెల గాలివానకి ఒక చెట్టు ఫెన్స్ మీద కూలింది. మిగతా రెండూ పక్కింటి పిల్లల గది వైపు ఒరిగి ఉన్నాయి. భయమేసి మూడూ తీయించేశాను. క్రేన్‌తో కలిపి 7,200 డాలర్లు. మొదళ్ళు అలాగే ఉన్నాయి, వాటికి మళ్ళీ వేరే రేటు.

నిన్న క్లెయిమ్ లెక్క వచ్చింది. నిలబడి ఉన్న రెండు చెట్లకీ పైసా లేదు. పురుగు పట్టి ఎండిన చెట్టు తీయించడం ఇంటి యజమాని చేసుకోవాల్సిన మెయింటెనెన్స్ అట. కూలిన చెట్టు ఎత్తించడానికి 500 డాలర్లే. మా పాలసీలో చెట్టుకి 500, అన్నీ కలిపి 1,000 దాటి ఇవ్వరని రాసి ఉంది. ఫెన్స్‌కి 2,100 లెక్కకట్టారు. అంతా కలిపి 2,600. డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో ముందుగా మనమే భరించాల్సిన వాటా) 2,500 పోగా నా చేతికి 100 డాలర్లు!

వెంటనే ఏజెంటుకి ఫోన్ చేశాను. నాలుగేళ్ళుగా అన్నా అన్నా అన్నవాడు, మా గృహప్రవేశంలో విస్తరి ముందు కూర్చుని తిన్నవాడు, నిన్న మొట్టమొదటిసారి నన్ను సార్ అన్నాడు. "చూడండి సార్, నేను అలా చెప్పలేదు. పాలసీ చదువుకోవాల్సిన బాధ్యత మీదే." మా ఆవిడ పక్కనే ఉంది, స్పీకర్లో అంతా వింది. మార్చిలో మీరు అన్న మాటే కదా అంటే, "రాతపూర్వకంగా ఏమైనా ఉందా?" అని అడిగి, మీటింగ్ ఉందని పెట్టేశాడు. డబ్బు పోయినదానికంటే ఆ ఒక్క ప్రశ్న నన్ను ఎక్కువ కోసింది. రాత్రంతా నిద్ర లేదు.

మీరైనా జాగ్రత్తపడండి. పాలసీలో డెబ్రిస్ రిమూవల్ (కూలినవాటిని ఎత్తించే ఖర్చు) అనే చోట చెట్ల గురించి ఏం రాశారో చదవండి. గాలికి పడిన చెట్టయినా, ఇంటి మీదో ఫెన్స్ మీదో పడాలి, లేదా డ్రైవ్‌వేకి అడ్డం పడాలి. ఉత్త గడ్డిలో పడితే మామూలుగా ఏమీ ఇవ్వరు. చెట్టు ఎండుతోందని ముందే తెలిసీ వదిలేస్తే, అది పక్కింటి మీద పడినప్పుడు నష్టం మీ మెడకే చుట్టుకోవచ్చు. అందుకని క్లెయిమ్ వస్తుందేమోనని ఆగకండి. ఆకులు ఎర్రబడగానే ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకోండి, చెట్టెక్కే పనివాళ్ళకి ఇన్సూరెన్స్ ఉందో లేదో కాగితం అడిగి చూడండి. ఏజెంటు ఎంత మనవాడైనా సరే, చెప్పిన మాట ఈమెయిల్లో తీసుకోండి.