బారసాలకు వచ్చే పరుపు సెట్టు: ఏది వాడాలి, ఏది అటకెక్కించాలి

చిన్న పరుపు, తలదిండు, అటూ ఇటూ పెట్టడానికి రెండు గుండ్రటి దిండ్లు, గొడుగులా విచ్చుకునే దోమతెర, కొన్నింటిలో మందపాటి దుప్పటి. బట్టల కొట్లో జిప్పు సంచీలో పెట్టి అమ్మే బేబీ బెడ్డింగ్ సెట్ దాదాపు ఇంతే. ఏడాదిలోపు బిడ్డ నిద్రకు ఇందులో పనికొచ్చేది దోమతెర. పరుపును నొక్కి చూశాకే చెప్పాలి. మిగతావి అటకెక్కాల్సిందే.

తలదిండు అసలొద్దు. పసివాళ్లకు ఒంటితో పోలిస్తే తల పెద్దది, మెడ నిలవదు, గాలిగొట్టం మెత్తన. తల ఎత్తులో ఉంటే గడ్డం ఛాతీకి ఆనుకుని ఆ గొట్టం మడత పడొచ్చు. చప్పుడేమీ ఉండదు కాబట్టి పక్కన పడుకున్నవాళ్లకూ తెలియదు. ఆవాల దిండుకూ మినహాయింపు లేదు, పైగా కుట్టు ఊడితే ఆవాలు నోట్లోకీ ముక్కులోకీ పోతాయి. తల గుండ్రంగా రావాలని బామ్మలు పట్టుబడితే, బిడ్డ మేలుకుని ఉన్నప్పుడు ఎదురుగా కూర్చుని రోజూ కాసేపు బోర్లా ఆడించమనండి. నిద్రకు మాత్రం ఎప్పుడూ వెల్లకిలే.

పక్క దిండ్లు దొర్లిపోకుండా ఆపుతాయంటారు. బిడ్డ మొహం తిప్పి ముక్కు దిండుకు ఆనించిందంటే వెనక్కి లాక్కునే బలం ఉండదు, వదిలిన గాలినే మళ్లీ పీలుస్తుంది. తొట్టి కమ్మీలకు చుట్టూ కట్టే మెత్తలదీ ఇదే గొడవ. అమెరికాలో 2022లో చట్టం చేసి వాటి అమ్మకాన్నే నిషేధించారు. మనవడి కోసం సూట్‌కేసులో సర్దుతున్న అమ్మమ్మలు ఆ బరువేదో పచ్చళ్లకు కేటాయించుకోవచ్చు.

పరుపు దగ్గర కాస్త ఓపిక కావాలి. అరచేత్తో గట్టిగా అదిమి తీయండి. వెంటనే లేచి చదునుగా రావాలి, చేతి గుంట మిగిలితే వద్దు. చౌకరకం సెట్లలో లోపలుండేది పలచటి ఫైబర్. ఉతికేకొద్దీ అది అంచులకు చేరి ఉండలు కడుతుంది, నడుమ బోలుగా మిగులుతుంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఇట్టే తెలిసిపోతుంది. బూరుగుదూది పరుపు కొత్తలో ఎంత బాగున్నా కూరుకుపోయే రకమే. చెక్క తొట్టి ఉంటే దాని కొలతకు సరిపడే గట్టి పరుపు ఒక్కటే వేయండి. అంచుకూ కమ్మీకీ మధ్య రెండు వేళ్లకు మించి దూరితే ఆ సందులో మొహం ఇరుక్కుంటుంది. కమ్మీల మధ్య ఖాళీ 6 సెంటీమీటర్లు దాటకూడదు. పరుపు మీద ఈ సెట్టు పరుపు కూడా వేసి మెత్తన చేయకండి. రబ్బరు షీటు అడుగున, దాని మీద నాలుగు మూలలా ఎలాస్టిక్ ఉన్న దుప్పటి బిగుతుగా, అంతే.

దోమతెర కొనేటప్పుడు జిప్పు అంచులు, లోపలి కుట్లు వేలితో తడిమి చూడండి. వేలాడే దారం బిడ్డ కాలివేలికి చుట్టుకుంటే రక్తం ఆగి వేలు వాచిపోతుంది. అలాంటి దారాలన్నీ మొదటికే కత్తిరించాలి. తెర బిగువుగా నిలబడాలి, మొహం మీదికి జారకూడదు. పెద్దవాళ్ల మెత్తటి పరుపు మీద పెడితే అడుగు కుంగి తెర ఒరుగుతుంది. నేల మీద చాప పరిచి పెట్టడం మేలు. బిడ్డ బోర్లా పడటం మొదలెట్టాక తెరకు మొహం ఆనించుకుంటుంది, అప్పటినుంచి తొట్టిలోకి మార్చండి.

చలికాలంలో పైన కప్పే దుప్పటి బదులు చేతుల్లేని స్లీపింగ్ బ్యాగ్, అంటే గౌనులా వేసి కాళ్ల కింద మూసేసే సంచీ తొడగండి. మెడ దగ్గర వదులుగా ఉండి తల లోపలికి జారేంత పెద్దది కొనొద్దు. పెరుగుతాడు కదా అని రెండు సైజులు ఎక్కువ తీసుకోవడం మన అలవాటు, ఇక్కడ పనికిరాదు. ఇంట్లో నిద్రపోతున్నప్పుడు ఉన్ని టోపీ తీసేయండి, పసివాళ్ల ఒంట్లో వేడి బయటికి పోయే ముఖ్యమైన దారి తల. మెడలో దిష్టి తాడుంటే అదీ తీసేయాలి.

ఏం తేమంటారని చుట్టాలు ఫోన్ చేసి అడిగితే మొహమాటపడకుండా దోమతెర ఒక్కటి, ఎలాస్టిక్ దుప్పట్లు రెండు చెప్పండి. తొట్టి కొలత కూడా చెబితే మార్చుకోవడానికి కొట్టు చుట్టూ తిరిగే పని తప్పుతుంది.