‘పూర్తి సెట్, 12 పుస్తకాలు’ అని చూసి మోసపోకండి: కార్డ్‌క్యాప్టర్ సకురా కొనేవాళ్లకి

పిల్లలకి మాంగా, అంటే జపాన్ బొమ్మల కథల పుస్తకాలు, కొనే అమ్మానాన్నలు ఇది చదివాకే డబ్బు కట్టండి. మా పాప పదో పుట్టినరోజుకని ‘కార్డ్‌క్యాప్టర్ సకురా’ ఇంగ్లీషు సెట్ ఆన్‌లైన్‌లో తెప్పించి 3,400 రూపాయలు బూడిదలో పోసుకున్నాను. ‘పూర్తి సెట్, 12 పుస్తకాలు’ అని ఉంది. జపాన్‌లో ఈ కథ వచ్చింది 12 సంపుటాల్లోనే అని నాకు తెలుసు. లెక్క సరిపోయింది కదా అని ఇంకేమీ అడగలేదు.

డబ్బా వచ్చింది, లెక్కపెట్టాను, పన్నెండూ ఉన్నాయి. పుట్టినరోజుకి ఇంకా మూడు వారాలుంది. పాప కంట పడకుండా బీరువాలో చీరల కింద దాచాను. వాపసుకి గడువు ఏడు రోజులే అన్న సంగతి అప్పుడు తట్టలేదు.

పుట్టినరోజైన వారానికి పాప వచ్చి, “అమ్మా, సకురా అప్పుడే పెద్ద స్కూల్‌కి ఎలా వెళ్లిపోయింది? ఆ అబ్బాయితో ఎప్పుడు అంత స్నేహమైంది?” అంది. సరిగా చదివి ఉండదులే అనుకున్నాను. నేను కూర్చుని చదివితే గానీ అర్థం కాలేదు, కథలో నడుము భాగమే లేదు!

ఎలాగంటే, క్లాంప్ అనే నలుగురు మహిళల బృందం ఈ కథని 1996 నుంచి 2000 దాకా ‘నకయోషి’ అనే ఆడపిల్లల పత్రికలో నడిపింది. నాలుగో తరగతి చదివే సకురా నాన్నగారి పుస్తకాల గదిలో ఒక వింత పుస్తకం తెరుస్తుంది. అందులోని మంత్రపు కార్డులు చెల్లాచెదురవుతాయి. వాటిని మళ్లీ పోగుచేయడం మొదటి ఆరు సంపుటాలు. వాటిని తన సొంత కార్డులుగా మార్చుకోవడం, తన తరగతి అబ్బాయి షావోరాన్‌తో మనసు కలవడం మిగతా ఆరు. పాత ఇంగ్లీషు ముద్రణలో ఈ రెండో ఆరింటికీ వేరే పేరు పెట్టి, మళ్లీ 1 నుంచి అంకెలు వేశారు. అందుకే 1 నుంచి 6, మళ్లీ 1 నుంచి 6 కనపడితే నాకు అనుమానం రాలేదు. కానీ నాకొచ్చిన రెండో ఆరూ 2016లో మొదలైన ‘క్లియర్ కార్డ్’ పుస్తకాలు. అది తరవాతి కథ. అందులో సకురా మిడిల్ స్కూల్లో చేరుతుంది, షావోరాన్ హాంకాంగ్ నుంచి తిరిగొస్తాడు. ఎందుకు వెళ్లాడో, వీళ్ల మధ్య ఏం నడిచిందో చెప్పే ఆరు పుస్తకాలూ గల్లంతు.

అంకెలు చూసి కొనకండి అనేది ఇందుకే. ఇదే కథ ఇంగ్లీషులో మూడేసి సంపుటాలు కలిపి 4 లావు పుస్తకాలుగానూ వచ్చింది, గట్టి అట్టతో 9 పుస్తకాలుగానూ వచ్చింది. నాలుగైనా పూర్తి సెట్టే, తొమ్మిదైనా పూర్తి సెట్టే. నా పన్నెండు మాత్రం కాదు.

పైగా అవి అసలు ప్రతులు కూడా కావు. పన్నెండింటి వెనకా ఒకటే బార్‌కోడ్. బూడిద రంగు నీడలన్నీ జిరాక్స్ తీసినట్టు మసిమసిగా ఉన్నాయి. బైండింగ్ దగ్గర మాటలు సగం లోపలికి పోయాయి. అన్నిటికన్నా ఘోరం, మాంగా కుడి నుంచి ఎడమకి చదవాలి కదా, మొదటి ఆరూ మన తెలుగు పుస్తకాల్లాగా ఎడమ పక్క కుట్టేశారు. పేజీలు ఒక వైపు తిప్పాలి, పేజీలో బొమ్మలు ఇంకో వైపు నుంచి చదవాలి. పాపం పిల్ల ముందు జవాబు, తరవాత ప్రశ్న చదువుతూ తనకే అర్థం కావడం లేదనుకుంది. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నా నాలుగు పేజీలు తిప్పి చూస్తాం. ఇక్కడ ఆ పాటి కూడా చూడలేదు నేను.

ఇంకో మాట, ఇప్పుడు చెప్పేది మాత్రం అమ్మినవాళ్ల తప్పు కాదు, అసలు కథలోనే ఉంది. సకురా తరగతిలోని రికా అనే పిల్లకీ, వాళ్ల క్లాస్ టీచర్‌కీ మధ్య ప్రేమ అన్నట్టు మాంగాలో ఉంది, ఆయన ఉంగరం కూడా ఇస్తాడు. టీవీలో వచ్చిన యానిమేలో, అంటే కార్టూన్‌లో, దాన్ని బాగా పలచన చేశారు కాబట్టి అది చూసినవాళ్లకి తెలియకపోవచ్చు. నాకు మింగుడుపడలేదు. పాపతో కూర్చుని మాట్లాడాల్సి వచ్చింది. మిగతా కథ ముచ్చటైనదే, తొమ్మిది పదేళ్ల పిల్లలకి ఇవ్వచ్చు.

అమ్మినవాళ్లకి రాస్తే వచ్చిన జవాబు: “12 అన్నాం మేడమ్, 12 పంపాం.” గడువు దాటింది కాబట్టి వాపసు లేదట. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, ఇంకా తేలలేదు. మీరు కొనేముందు ప్రతి పుస్తకం లోపలి కాపీరైట్ పేజీ ఫోటో, బార్‌కోడ్ ఫోటో అడగండి. నసిగితే వదిలేయండి. బహుమతి అయినా సరే, వచ్చిన రోజే డబ్బా విప్పుతూ వీడియో తీసి, మొదటి పేజీ చివరి పేజీ చూసి అప్పుడు దాచుకోండి.

నిన్న రాత్రి మళ్లీ చూశాను. అదే ఫోటో, అదే ‘పూర్తి సెట్’. ధర మాత్రం రెండొందలు తగ్గించారు.