హీటెడ్ జాకెట్, గ్లవ్స్: చలికాలాలు దాటాక ఏది నిలిచింది, ఏది పోయింది

ముందే తేల్చి చెప్పేస్తా. చలిలో బైకు నడిపేవాళ్ళు, బడ్జెట్ ఒక్కదానికే ఉంటే 12 వోల్టుల జాకెట్ లైనర్ (రైడింగ్ జాకెట్ లోపల వేసుకునే, కరెంటుతో వేడెక్కే పల్చటి జాకెట్) కొనండి, గ్లవ్స్ కాదు. చలి ముందు తెలిసేది వేళ్ళకే కాబట్టి అందరూ గ్లవ్స్ దగ్గరే మొదలుపెడతారు. కానీ వేళ్ళు కొంకర్లు పోవడానికి సగం కారణం ఛాతీ దగ్గర ఉంటుంది. ఛాతీ, వీపు, మెడ చల్లబడగానే ఒళ్ళు లోపలి అవయవాలను కాపాడుకోవడానికి చేతులకీ కాళ్ళకీ వెళ్ళే రక్తాన్ని తగ్గించేస్తుంది. ఆ స్థితిలో గ్లవ్స్ ఎంత కాలినా వేళ్ళ చర్మం వేడెక్కుతుంది గానీ వేళ్ళు మెదలవు. ఒళ్ళు వెచ్చగా ఉంటే, హ్యాండిల్ ముందు గాలిని ఆపే హ్యాండ్‌గార్డులున్న బైకు మీద మామూలు చలికాలపు గ్లవ్స్‌తోనే 5 డిగ్రీల దాకా లాగించొచ్చు.

ఇక్కడ చెప్పేవి మూడు రకాల గురించి: బైకు బ్యాటరీకి తగిలించే 12 వోల్టుల లైనర్, గ్లవ్స్, కంట్రోలర్ (వేడిని పెంచే, తగ్గించే నాబ్) కలిసిన సెట్టు; మణికట్టు దగ్గర చిన్న లిథియం బ్యాటరీ పెట్టుకునే 7.4 వోల్టుల గ్లవ్స్; పవర్ బ్యాంకుతో నడిచే 5 వోల్టుల వెస్టు. ఎక్కువగా వాడింది మనాలి–లేహ్ దారిలో, స్పితిలో తెల్లవారుజాముల్లో, కొంత మన ఏజెన్సీ ఘాట్లలో.

అసలు మీకివి అవసరమా అన్నది మొదటి ప్రశ్న. లంబసింగిలో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున సున్నా దగ్గరికి పడుతుంది, నిజమే. కానీ నర్సీపట్నం నుంచి పైకెక్కడం గంట పని, పొద్దెక్కితే జాకెట్ విప్పాల్సిందే. అక్కడికి గాలి చొరబడని జాకెట్, తల, మెడ కప్పే బాలాక్లావా, హ్యాండ్‌గార్డులు చాలు. హీటెడ్ బట్టలు పనికొచ్చేది చలి గంటల తరబడి వదలనప్పుడు. మనాలి–లేహ్ మీద బారలాచా లా 4,890 మీటర్లు, తంగ్లంగ్ లా సుమారు 5,300 మీటర్లు. సెప్టెంబరు చివర్లో ఆ కనుమల మీద పొద్దున్నే సున్నా కిందే. 2020 అక్టోబరులో అటల్ టన్నెల్ తెరిచాక లాహౌల్ వైపు చలికాలంలో వెళ్ళేవాళ్ళూ పెరిగారు. ఇక న్యూజెర్సీ, చికాగోల్లో ఉండి నవంబరులోనూ బైకు మీదే ఆఫీసుకెళ్ళే మనవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు.

గాలి లెక్క ఒకటి గుర్తుపెట్టుకోండి. విండ్‌చిల్ సూత్రం ప్రకారం 10 డిగ్రీల్లో 80 కిలోమీటర్ల వేగంతో పోతుంటే గాలి తగిలే చర్మానికి అది 4 డిగ్రీల చలి. 0 డిగ్రీల్లో అదే వేగమైతే −10. అందుకే వేడి పుట్టించే ముందు గాలిని ఆపాలి. గాలి దూరే మెష్ జాకెట్ కింద 77 వాట్ల లైనర్ వేసుకుంటే వేడి మీకు కాదు, హైవేకి.

ఇప్పుడు అసలు లెక్క, చాలామంది చెయ్యనిది: మీ బైకు ఎంత కరెంటు ఇస్తుంది? జాకెట్ లైనర్ 75–90 వాట్లు తింటుంది. గ్లవ్స్ జత 25కి అటూఇటూ. ప్యాంటు లైనర్ 40–45, హీటెడ్ గ్రిప్స్ (వేడెక్కే హ్యాండిల్ పిడులు) 30–40. బైకు మాన్యువల్లో ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించేది) 220 వాట్లు అని ఉందనుకోండి. హాలోజన్ హెడ్‌లైటు 55–60, ఫ్యూయల్ పంపు, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్), ఇగ్నిషన్, వెనక లైట్లు కలిపి బైకే 130–140 వాట్లు మింగేస్తుంది. మిగిలేది 80. అంటే జాకెట్ ఒక్కదాన్నే ఫుల్‌లో పెట్టొచ్చు, లేదా జాకెట్ సగంలో పెట్టి గ్లవ్స్ నడపొచ్చు. అన్నీ ఫుల్ అంటే కుదరదు. పైగా 220 అన్నది పై ఆర్‌పీఎంల మాట. ఐడిలింగ్‌లో అందులో సగం కూడా రాకపోవచ్చు, కాబట్టి ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు నాబ్ తగ్గించాలి. హెడ్‌లైటు మంచి ఎల్ఈడీకి మారిస్తే 30 వాట్ల దాకా కలిసొస్తుంది. బీఎండబ్ల్యూ ఆర్ 1250 జీఎస్ లాంటి వాటికి ఆల్టర్నేటరే 508 వాట్లు, వాళ్ళకి ఈ బాధ లేదు. 100–125 సీసీ కమ్యూటర్ల మీద మాత్రం 12 వోల్టుల జాకెట్ ఆశ పెట్టుకోకండి.

లెక్క కాగితం మీద సరిపోయినా మీటరు పెట్టి చూడండి. బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్ పెట్టి, అన్నీ ఫుల్‌లో ఆన్ చేసి, 4,000 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచండి. 13.2 వోల్టుల పైన నిలిస్తే భయం లేదు. 12.8 కిందికి జారితే బ్యాటరీని తింటున్నట్టే, మర్నాడు పొద్దున సెల్ఫ్ తీసుకోదు. కంట్రోలర్ సగంలో ఉంటే మీటరు రీడింగ్ ఎగిరెగిరి పడుతుంది, ఎందుకంటే అది కరెంటును టకటకా ఆన్, ఆఫ్ చేస్తూ వేడిని తగ్గిస్తుంది. కొన్ని బైకుల్లో ఎల్ఈడీ ఫాగ్ లైట్లు కూడా ఆ లయలో మినుకుమంటాయి. అది లోపం కాదు.

వైరింగ్ విషయంలో పిసినారితనం వద్దు. ప్లస్ టెర్మినల్‌కి ఓ జానెడు దూరంలోపే 15 ఆంపియర్ల ఫ్యూజు, అక్కడి నుంచి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. ఊళ్ళో ఆటో ఎలక్ట్రీషియన్ చేతికి అందిన సన్న వైరు, 0.5 చదరపు మిల్లీమీటర్లది, పెట్టేస్తాడు. మీటరున్నర పొడవుకే రానుపోను కలిపి 8 ఆంపియర్ల దగ్గర 0.9 వోల్టు వైరులోనే పోతుంది. వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి తగ్గుతుంది కనుక జాకెట్‌లో దాదాపు ఎనిమిదో వంతు వేడి గల్లంతు, వైరు మాత్రం వెచ్చగా. ఇంకోటి, లైను నేరుగా బ్యాటరీకి కాకుండా ఇగ్నిషన్ ఆన్‌తో పనిచేసే రిలే (తాళం తిప్పితేనే కరెంటు వదిలే స్విచ్చి) మీదుగా తీయించండి. టీ కోసం ఆగి జాకెట్ ప్లగ్గుతో సహా బైకు మీద పడేసి పోతే, 8 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీ గంటలోపు చచ్చూరుకుంటుంది. సీటు కింది అనుబంధ సాకెట్‌కి తగిలిద్దామనుకునేవాళ్ళు దాని పరిమితి చూసుకోండి. కొన్ని బైకుల్లో 5 ఆంపియర్లు దాటగానే కటాఫ్ అవుతుంది, జాకెట్ ఒక్కటే 6 లాగుతుంది.

ప్లగ్గు రకం కొనేటప్పుడే చూడాలి. గర్బింగ్, వార్మ్ అండ్ సేఫ్ లాంటి అమెరికా కంపెనీల వాటికి 5.5 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, 2.5 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న గుండ్రటి ప్లగ్గు ఉంటుంది, ఒకరి జాకెట్‌కి ఇంకొకరి గ్లవ్స్ తగులుతాయి. 2.1 లోపలి వ్యాసం ప్లగ్గు చూడటానికి అలాగే ఉంటుంది గానీ కుదరదు. గుండ్రటి ప్లగ్గుకున్న మేలు ఏమిటంటే, వైరు మరిచిపోయి బైకు దిగినా లాగగానే ఊడొస్తుంది. రెండు పళ్ళ ఎస్ఏఈ ప్లగ్గు గట్టిగా పట్టుకుని జాకెట్ కుట్టునే చింపుతుంది. జాకెట్‌కీ బైకుకీ మధ్య ఎస్ఏఈ వద్దు, బ్యాటరీ వైపు ఎక్కడైనా పర్లేదు.

జాకెట్ ఫిట్టింగ్ మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే "వేడి రావట్లేదు" అనే ఫిర్యాదుల్లో చాలావరకు ఇదే. లైనర్ ఒంటికి అతుక్కుని ఉండాలి, అదీ ఒకే ఒక్క పల్చటి ఫుల్ హ్యాండ్స్ బనియన్ మీద. మెరినో ఉన్ని అయితే మంచిది. లోపల స్వెట్టర్, దాని మీద లైనర్ వేసుకుంటే స్వెట్టర్ బయటి వైపు వేడెక్కుతుంది, మీరు కాదు. స్వెట్టరో ఫ్లీసో ఉంటే లైనర్ పైన, రైడింగ్ జాకెట్ కింద వేసుకోండి. అలాగని ఒట్టి చర్మం మీద వేసుకోవద్దు. 44 డిగ్రీల వేడి కూడా గంటల తరబడి ఒకేచోట ఆనితే చర్మం కాలుతుంది, అది ఆ సమయంలో తెలియదు కూడా. షుగర్ వల్ల వేళ్ళలో స్పర్శ తగ్గినవాళ్ళు గ్లవ్స్‌ని సగం దాటించకూడదు, మధ్యమధ్యలో తీసి చూసుకోవాలి.

లైనర్ కొనేటప్పుడు కాలర్‌లో హీటింగ్ ఉందో లేదో అడగండి. ఛాతీ ప్యానెల్ కన్నా మెడ చుట్టూ ఉన్న ఆ చిన్న పట్టీ ఎక్కువ పని చేస్తుంది. చేతులు లేని వెస్టు 45–60 వాట్లతో సరిపెట్టుకుంటుంది కాబట్టి ఆల్టర్నేటర్ చిన్నదైతే అదే మంచి బేరం. కానీ లైనర్ స్లీవ్ చివర గ్లవ్స్‌కి వచ్చే వైరు వెస్టుకి ఉండదు, విడిగా వై ఆకారపు వైరు జాకెట్ చేతుల్లోంచి తీసుకోవాలి. అది మోచేతి దగ్గర ఒత్తుకుంటుంది.

గ్లవ్స్ సంగతి. హీటెడ్ గ్రిప్స్ అరచేతిని వేడి చేస్తాయి, గాలి కొట్టేది మాత్రం వేళ్ళ వెనక. గ్లవ్స్‌లో తీగ చేతి వెనక నుంచి ప్రతి వేలి పక్కన తిరిగి వస్తుంది, తేడా అదే. అయితే ఖర్చు చూసుకునేవాళ్ళకి గ్రిప్స్, వాటి మీద హ్యాండిల్‌కి తొడిగే మఫ్‌లు రెండూ కలిపితే చాలా గ్లవ్స్ కన్నా బాగా పనిచేస్తాయి. చూడటానికి పాలవాళ్ళ బండిలా ఉంటుంది, అంతే.

ముందు పాడయ్యేదీ గ్లవ్సే. నా గ్లవ్స్‌లో మొదట పోయింది కుడి చూపుడువేలు. ఎప్పుడూ బ్రేకు లివరు మీద ముడుచుకునే వేలు కదా, తీగ మొదటి కణుపు దగ్గర తెగింది. వేళ్ళన్నీ ఒకే తీగ మీద వరసగా ఉండే డిజైన్లలో ఒక వేలు తెగితే గ్లవ్ మొత్తం చల్లారిపోతుంది, కొనేటప్పుడు ఇది అడిగి తెలుసుకోవడం మంచిది. రెండో బలహీనత మణికట్టు దగ్గర ప్లగ్గు. లోపలి స్ప్రింగు వదులై, గతుకుల్లో వేడి వస్తూ పోతూ ఉంటుంది, ప్లగ్గు మాత్రం కాలుతుంది. చేత్తో పట్టుకుంటే వైరు కన్నా ప్లగ్గు వేడిగా ఉందంటే దాన్ని కోసేసి కొత్తది సోల్డర్ చేయించాల్సిందే, టేపు చుడితే లాభం లేదు.

అనుమానం వస్తే ఓమ్ మీటరు తీయండి. మొదట రెండు ప్రోబ్‌లు ఒకదానికొకటి ఆనించి వచ్చే 0.2, 0.3 ఓమ్‌లను ప్రతి కొలతలోంచి తీసేయాలి. 77 వాట్ల జాకెట్ 2.1 ఓమ్‌ల దగ్గర చూపించాలి. 2.7 చూపిస్తే సమాంతరంగా ఉన్న అయిదు ప్యానెళ్ళలో ఒకటి పోయినట్టు. ఒక్కో గ్లవ్ 13 ఓమ్‌లు. గ్లవ్ వేళ్ళు ముడుస్తూ చాపుతూ కొలవండి, అంకె ఎగిరితే తీగ తెగబోతోంది. వారంటీ ఉండగానే ఈ పరీక్ష చెయ్యండి, బాగున్నప్పుడే కొలిచి అంకె లేబుల్ మీద రాసి పెట్టుకోండి.

బ్యాటరీ గ్లవ్స్‌కి వైరు గొడవ లేదు, బస్టాండు దాకా నడిచి వెళ్ళేటప్పుడూ పనికొస్తాయి. కానీ శక్తి లెక్క చూడండి: 7.4 వోల్టులు, 2,200 ఎంఏహెచ్ అంటే 16 వాట్‌అవర్లు. ఫుల్‌లో 8 వాట్లు తింటే రెండు గంటలు, చలికి బ్యాటరీ మెత్తబడితే గంటన్నర. మనాలిలో బయల్దేరితే సర్చు చేరేసరికి రోజంతా పడుతుంది. తక్కువ సెట్టింగులో పెట్టి కనుమల దగ్గర మాత్రమే పెంచేవాళ్ళకైతే సరే. విమానంలో వెళ్ళేవాళ్ళు ఈ బ్యాటరీలను గ్లవ్స్‌లోంచి తీసి చేతిసంచిలోనే పెట్టుకోవాలి, చెక్‌ఇన్ లగేజీలో విడి లిథియం బ్యాటరీలు ఒప్పుకోరు. అమెరికా నుంచి బావగారితో తెప్పించుకునే 12 వోల్టుల సెట్టుకి ఈ తంటా లేదు, అందులో బ్యాటరీయే ఉండదు. అక్కడ లైనర్ రెండు మూడు వందల డాలర్లు, గ్లవ్స్ కూడా అంతకి కాస్త తక్కువ.

5 వోల్టుల యూఎస్‌బీ వెస్టు గురించి ఎక్కువ రాయను. 2 ఆంపియర్లంటే 10 వాట్లు, స్కూటర్ మీద ఊళ్ళో తిరగడానికి హాయి, 80 వేగంలో దాని ఊసే తెలియదు.

వాడకంలో మూడు అలవాట్లు. చలి పట్టాక కాదు, పట్టకముందే తక్కువలో ఆన్ చేసుకోండి. చల్లబడిన ఒంటిని మళ్ళీ వెచ్చబరచడానికి చాలాసేపు పడుతుంది. ఘాటెక్కే ముందు ఫుల్‌లో పెట్టి చెమట పట్టించుకోవద్దు, పైన ఆ తడే గడ్డకట్టిస్తుంది. పొద్దున్నే ఇంజిన్ స్టార్టయి రెండు మూడు నిమిషాలు తిరిగాకే జాకెట్ ప్లగ్గు పెట్టండి, గడ్డకట్టే చలిలో రాత్రంతా ఉన్న బ్యాటరీలో సత్తువ అంతగా ఉండదు.

సీజను అయ్యాక లైనర్‌ని చల్లటి నీళ్ళలో చేత్తో ఉతికి, పిండకుండా నీడలో వేలాడదీయండి. ప్లగ్గుల్లో నీళ్ళు చేరకుండా ముందే మూతలు పెట్టాలి. ఇస్త్రీ, డ్రైక్లీనింగ్ రెండూ వద్దు. మడత పెట్టి బీరువాలో నొక్కితే తీగలు మడత దగ్గరే తెగుతాయి, హ్యాంగర్‌కే ఉంచండి. వర్షాకాలంలో గ్లవ్స్‌కి బూజు పడుతుంది, ఒక్కో దాంట్లో సిలికా జెల్ పొట్లం వేసి పెట్టండి. లిథియం బ్యాటరీలు సగం ఛార్జితో విడిగా ఉంచి, మూడు నెలలకోసారి మీటరు చూసుకుంటే మళ్ళీ చలికాలానికి పనికొస్తాయి.