వి-క్రాస్ ముందు సస్పెన్షన్ మార్చాక రెండు వర్షాకాలాలు

నా ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్ పికప్ బండికి ముందు సస్పెన్షన్ (చక్రాలను ఛాసిస్‌కు కలిపి, కుదుపులు తట్టుకునే ఏర్పాటు) విప్పించి, అరిగిన పార్టులన్నీ మార్పించాక రెండు వర్షాకాలాలు గడిచాయి. ఇప్పుడు ధైర్యంగా ఒక మాట చెప్పగలను. ఏ పార్టు వేశామన్నది ఎంత ముఖ్యమో, దాన్ని ఎలా బిగించారన్నది అంతకన్నా ముఖ్యం. కొట్టు దగ్గర పార్టు ధర గురించి గంటసేపు బేరమాడతాం గానీ, షెడ్డులో బోల్టు ఎప్పుడు బిగిస్తున్నారో చూడం.

ముందు బండి వాడకం సంగతి. మాది ఆకివీడు పక్కన, రొయ్యల చెరువులు. వెనక ట్రేలో మేత బస్తాలు, ఏరియేటర్ మోటార్లు, డీజిల్ డ్రమ్ములు. గట్ల మీద నల్లమట్టి వానకు జారుతుంది, ఎండకు రాయిలా గట్టిపడి చక్రాల చాళ్లు అలాగే ఉండిపోతాయి. తారు రోడ్డేమో లారీల బరువుకు ఎక్కడికక్కడ కుంగి ఉంటుంది. అన్నిటికీ మించి ఉప్పునీరు. శ్రీసిటీ ప్లాంటులో 2016 నుంచి తయారైన ఈ బండికి వెనక కమాన్ కట్టలు, ముందు ఒక్కో చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే, పైనొకటి కిందొకటి రెండేసి ఆర్మ్‌లతో కాయిల్ స్ప్రింగులు. లక్ష కిలోమీటర్లు దాటాక ఇలాంటి చోట ఆర్మ్ ఛాసిస్‌కు కలిసేచోటి రబ్బరు బుష్‌లు, చక్రం వైపు చివర గుండు కీలులా తిరిగే బాల్ జాయింట్లు అరగడం బండి తప్పు కాదు, ఆ పార్టులు చేసే పనే అది.

మొదట స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఎడమ వైపు కటకటమని మోత వచ్చింది. తర్వాత బ్రేకు వేస్తే స్టీరింగ్ కాస్త పక్కకు లాగడం, ముందు టైర్లు లోపలి అంచున తినేయడం. చాలామంది ఇక్కడే షాక్ అబ్జార్బర్లు మార్చేస్తారు, మోత మాత్రం పోదు. మా మెకానిక్ చూసిన పద్ధతి నాకు బాగా నచ్చింది. జాకీని ఛాసిస్ కింద కాకుండా లోయర్ ఆర్మ్ కిందే, బాల్ జాయింట్‌కు దగ్గరగా పెట్టారు. "ఛాసిస్ కింద ఎత్తితే స్ప్రింగు ఆర్మ్‌ని కిందికి నొక్కి పట్టేస్తదండి, ప్లే (జాయింట్‌లో వదులు) ఉన్నా మనకి తెలీదు" అన్నారు. టైరు కింద రాడ్డు పెట్టి పైకి లేపితే జాయింట్ దగ్గర టక్‌మని కదలిక, వేలు పెడితే చేతికి తెలుస్తోంది. రబ్బరు బూటు చిరిగి, లోపల గ్రీజు స్థానంలో తుప్పురంగు బురద. బరువు మోసేది ఆ లోయర్ జాయింటే. అది ఊడితే చక్రం పక్కకు పడిపోతుంది. దాని విషయంలో రేపు చూద్దాం అనుకోకూడదు.

మార్చినవి: రెండు వైపులా లోయర్ బాల్ జాయింట్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, స్టెబిలైజర్ లింక్ రాడ్లు (బండి పక్కకు ఒరగకుండా ఆపే బారును చక్రాల వైపు కలిపేవి), ముందు షాక్ అబ్జార్బర్లు. స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్లు బాగానే ఉన్నాయని వదిలేశాం. బాల్ జాయింట్లు, బుష్‌లు కంపెనీవే వేయించాను, ధర బజారు రకం కన్నా చాలా ఎక్కువే. ఇవాళ్టికీ వాటిలో చిన్న కదలిక కూడా లేదు. లింక్ రాడ్లు మాత్రం బజారులో దొరికిన చవక రకం వేశాం. మొదటి వర్షాకాలం పూర్తికాకుండానే బూట్లు పగిలి మళ్లీ మోత మొదలైంది, ఇంకోసారి మార్చాల్సి వచ్చింది. అయితే లింక్ రాడ్ మార్చడం అరగంట పని, పాడైనా ప్రాణం మీదికి రాదు. బడ్జెట్ తక్కువైతే పొదుపు ఇక్కడ చేసుకోండి, బాల్ జాయింట్ దగ్గర వద్దు.

నాకు అందరికీ చెప్పాలనిపించేది బుష్‌ల గురించి. బుష్ అంటే లోపల ఒక ఇనుప గొట్టం, బయట ఒకటి, మధ్యలో రెండింటికీ అతుక్కున్న రబ్బరు. బోల్టు బిగించగానే లోపలి గొట్టం ఛాసిస్‌కు కదలకుండా పట్టుకుపోతుంది. ఆ తర్వాత ఆర్మ్ పైకీ కిందికీ ఆడినప్పుడల్లా మెలికపడేది రబ్బరే. బండి జాకీ మీద ఉండగా, ఆర్మ్ కిందికి వేలాడుతున్నప్పుడు బిగిస్తే, బండిని నేల మీదికి దించేసరికే రబ్బరు పిండిన తడిగుడ్డలా మెలి తిరిగి ఉంటుంది. రోజంతా అలాగే ఉండి, గుంటలో పడ్డప్పుడు ఇంకా తిరిగి చిరిగిపోతుంది. అందుకే బోల్టులన్నీ ముందు వదులుగా పెట్టి, చక్రాలు నేల మీద ఆనాక, బండిని నాలుగుసార్లు ఊపి, అప్పుడే ఫైనల్‌గా బిగించాలి. మా మెకానిక్ బండి కిందికి పాకి మరీ అలాగే చేశారు. "పైనుండగా బిగిస్తే కొత్త బుష్ ఆర్నెల్లు కూడా రాదండి" అన్న ఆయన మాట నూటికి నూరుపాళ్లు నిజం. మీరు షెడ్డులోనే ఉంటే ఈ ఒక్కటి దగ్గరుండి చూసుకోండి.

అసలు తిప్పలు పెట్టింది లోయర్ ఆర్మ్ కామ్ బోల్టులు. తల వంకరగా ఉండే ఈ బోల్టును తిప్పితే ఆర్మ్ కాస్త జరుగుతుంది; క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలే వాలు), క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే ఇరుసు వాలు) సెట్ చేసేది వీటితోనే. ఉప్పుగాలికి బోల్టు, బుష్ లోపలి గొట్టం కలిసి తుప్పుపట్టి ఒకటైపోయాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచినా కుడివైపుది రాలేదు, గ్రైండర్‌తో కోయాల్సి వచ్చింది. తీరప్రాంతం వాళ్లు కొత్త కామ్ బోల్టులు ముందే తెచ్చిపెట్టుకుంటే మేలు, లేకపోతే బండి లేచిన చోటే రోజుల తరబడి ఉండిపోతుంది. కొత్తవి వేసేటప్పుడు బోల్టు ఒంటికి గ్రీజు పూయించాను. ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే ఇంకో జాగ్రత్త: ఆర్మ్ విప్పాక హబ్‌ను (చక్రం బిగించే భాగం) బయటికి ఎక్కువ లాగకూడదు, యాక్సిల్ లోపలి జాయింట్ జారిపోతుంది. ఏబీఎస్ వైరు, బ్రేకు హోసు మీద బరువు వేలాడకుండా కట్టి ఉంచాలి.

అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించాను, పని అయిన వెంటనే ఒకసారి, బుష్‌లు సర్దుకున్నాక ఇంకోసారి. మొదట వెళ్లిన చోట టో (పై నుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) ఒక్కటే సరిచేసి పంపబోయారు. కామ్ బోల్టులు కదిపాక అది చాలదు. మూడు కొలతలూ తెర మీద చూపించమని పట్టుబట్టి అడగాలి.

ఇప్పుడు గట్టు మీద ఖాళీ బండితో వెళ్లినా ముందు నుంచి మోత లేదు. హైవేలో స్టీరింగ్ తిన్నగా నిలుస్తోంది, ముందు టైర్లు సమంగా అరుగుతున్నాయి. ఈ ఫలితం చూశాక పాలీ బుష్‌ల (రబ్బరుకు బదులు గట్టి పాలీయూరిథేన్‌తో చేసినవి) వైపు నేను వెళ్లను. తెలిసినాయన బండికి వేయించారు, బురద చేరినప్పుడల్లా కీచుమంటోంది. రోడ్డు అదురు కూడా లోపలికి ఎక్కువ వస్తోంది. నా షాక్ అబ్జార్బర్లలో ఎడమవైపు దానికి ఈమధ్య సన్నగా ఆయిల్ తడి కనిపిస్తోంది, కారేంత లేదు. కారడం మొదలైతే రెండూ కలిపే మార్పిస్తాను, స్ప్రింగు నొక్కే సరైన క్లాంపులున్న షెడ్డులోనే.