మా గండుపిల్లిని బతికించిన భీమవరం పశువైద్యశాల
ఇసుక తొట్టెలో పదేపదే కూర్చుని మూలుగుతూ రెండు ఎర్రటి చుక్కలు మాత్రమే విడుస్తున్న మా గండుపిల్లికి మలబద్ధకమేమోనని పొరబడి, తెల్లవారేదాకా ఆగాను. ఇక్కడి డాక్టరుగారు పొట్ట తడిమి, మూత్రాశయం రాయిలా బిగిసిందనీ, మగపిల్లుల మూత్రనాళం చాలా సన్నం కనుక మూత్రంలో ఏర్పడే స్ఫటికాలు (సన్నని ఇసుకలాంటి రేణువులు) అడ్డుపడతాయనీ, 24 నుంచి 48 గంటల్లో ప్రాణం మీదికి రావచ్చనీ చెబుతూనే, మత్తిచ్చి క్యాథెటర్ (మూత్రం బయటికి తీసే సన్నని గొట్టం) వేశారు. సంచిలోకి దిగిన మూత్రం ఎరుపు నుంచి లేత పసుపుకు మారడానికి రెండు రోజులు పట్టింది. ఎండుచేపలు మానిపించి, తడి ఆహారం, నీళ్లు ఎక్కువగా ఇవ్వమనీ, తొట్టెను రోజూ శుభ్రం చేయమనీ ఎంతో ఓపికగా వివరించారు. రాత్రివేళ వైద్యం లేకపోవడమే లోటు. నరసాపురం వైపు నుంచి వచ్చేవారు ముందుగా ఫోన్ చేసుకోవడం మంచిది.