పాత తోట ట్రాక్టర్ వైరింగ్: అతుకులా, రెడీమేడ్ సెట్టా, కొత్తగా లాగడమా? ఏది మేలు?

మామిడి పూత మీదుంది. తేనెమంచు పురుగుకు మందు కలిపి పెట్టుకుని తాళం తిప్పితే మా 18 హెచ్‌పీ చిన్న ట్రాక్టర్ ‘టక్’మని ఊరుకుంది. బ్యాటరీ పోయిందనుకుని కొత్తది వేశాను. మళ్లీ అదే టక్. చివరికి చూస్తే తప్పు ఎర్త్ పట్టీది, అంటే బ్యాటరీ మైనస్‌ను ఇంజనుకు కలిపే పట్టీది. బోల్టు కింద తుప్పు పేరుకుపోయింది. గీకి బిగించగానే సెల్ఫ్ అందుకుంది. కొత్త బ్యాటరీ డబ్బు దండగ. అందుకే ఏ దారి ఎంచుకున్నా ముందు ఎర్త్, బ్యాటరీ లగ్గులు (వైరు చివర బిగించే లోహపు కొసలు) శుభ్రం చేయండి.

అతుకు వేయడం అన్నిటికన్నా చవక. ఎలుక ఒకటి రెండు వైర్లు కొరికితే అదే సరైన పని కూడా. కాకపోతే మెలిపెట్టి టేపు చుట్టడం కాదు, లగ్గు నొక్కి పైన వేడికి బిగుసుకునే స్లీవ్ వేయాలి. ఇంజను వేడికి టేపు జిగురు కరిగి జారిపోతుంది. టంకం వేసినచోట వైరు బిరుసెక్కి, అదురుకు ఆ అంచునే తెగుతుంది.

నేను మాత్రం హెడ్‌లైట్ వైరు చివర అరంగుళం ఒలిచి చూశాను. రాగి ఎర్రగా లేదు. పచ్చగా చిలుము పట్టి, నలిపితే పొడిగా రాలింది. పైతొడుగు ఎండిన ములక్కాడలా పెటపెటమంది. మీరూ నాలుగైదు చోట్ల ఇలా ఒలిచి చూడండి. రాగి మెరుస్తుంటే అతుకు చాలు. అన్నిచోట్లా పచ్చబడినా నల్లబడినా అతుకుల కోసం పెట్టే ప్రతి రూపాయీ వృథా.

అప్పుడు రెడీమేడ్ సెట్టా, అంటే కంపెనీ కట్టి అమ్మే వైర్ల కట్టా? మీ మోడల్‌కు దొరికితే, బండిని ఎవరూ మార్చకపోతే, కళ్లు మూసుకుని కొనండి. కప్లర్లు (వైర్లను కలిపే ప్లగ్గులు) సరిగ్గా కూర్చుంటాయి, రంగులు కలుస్తాయి. కానీ మా బండికి బ్యాటరీని చార్జి చేసే పాత డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెట్టారు, తాళం స్విచ్ మార్చారు, వెనక ఒక లైటు చేర్చారు. ఇలాంటి బండికి కొత్త సెట్ తెచ్చినా కోసి అతకాల్సిందే.

అందుకే వైర్లన్నీ కొత్తగా లాగించాను. ఇద్దరికి రెండు రోజులు పట్టింది. విప్పే ముందు ఏ వైరు ఎక్కడికో నోటు పుస్తకంలో రాసుకుని ఫొటోలు తీశాను. ఇంటి వైరింగ్ వైరు వాడనివ్వలేదు, సన్నని పోగులున్న ఆటో వైరే అదురుకు ఆగుతుంది. రెండు 55 వాట్ల బల్బులు 12 వోల్టుల మీద సుమారు 9 ఆంపియర్లు లాగుతాయి, వాటికి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయించాను. ప్రతి లైనుకూ విడిగా ఫ్యూజు పెట్టించాను. ఫ్యూజు కాపాడేది వైరును, అందుకే వైరు మోయగలిగినదానికన్నా పెద్దది వేయకూడదు. రేకులోంచి దూరేచోట రబ్బరు వాషరు తప్పనిసరి. సైలెన్సర్‌కు దూరంగా నడిపించాలి.

ఇక చూసుకోవాల్సింది తక్కువే. పూర్తిగా చార్జయిన బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు, ఇంజను నడుస్తుంటే 14 దగ్గర చూపాలి. సెల్ఫ్ కొడుతూ మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజను మీద పెట్టండి. అర వోల్టు దాటితే ఎర్త్ మళ్లీ గీకాలి. బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. లగ్గుల మీద కాస్త వ్యాజలైన్ రాయండి.

ఈ పనంతా పూతకు ముందే, డిసెంబరులోనే పెట్టుకోండి.